కొన్ని ట్రిప్పులే ఎందుకు గుర్తుండిపోతాయి

ట్రిప్‌కి వెళ్లొచ్చిన వాళ్లని "ఎలా జరిగింది?" అని అడిగి చూడండి. నాలుగు రోజులు తిరిగి, నలభై వేలు ఖర్చుపెట్టి, పదిహేను చోట్లు చూసొచ్చినవాళ్లు కూడా చెప్పేది రెండు మూడు ముక్కలే. ఘాట్ రోడ్డులో పిల్లాడికి వాంతులవడం, పేరు కూడా లేని టిఫిన్ బండి దగ్గర తిన్న ఇడ్లీ, తిరుగు ప్రయాణంలో బెర్త్ కన్ఫర్మ్ కాక పడ్డ పాట్లు. ఏ టూర్ కరపత్రంలోనూ ఇవి ఉండవు. బయల్దేరే ముందు ఎన్ని రోజులు, ఎన్ని చోట్లు, తలకి ఎంత పడుతుంది అని లెక్కలేస్తాం. తిరిగొచ్చాక బుర్ర తన లెక్క తను వేసుకుంటుంది, అందులో ఈ మూడింటికీ పెద్దగా చోటుండదు. ఖర్చు బాగానే అయినా ఏదో వెలితిగా అనిపించే ట్రిప్పుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఈ లెక్క మీద పరిశోధన బాగానే జరిగింది. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆయనే, 1993లో సహచరులతో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. 32 మంది విద్యార్థుల చేత చన్నీళ్లలో చెయ్యి పెట్టించారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు. ఇంకోసారి అదే 60 సెకన్లు పెట్టించి, చెయ్యి తియ్యనివ్వకుండా మరో 30 సెకన్లు ఉంచి, ఆ అర నిమిషంలో నీళ్లని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. ఒక్క డిగ్రీ తేడా, అంతే. మళ్లీ ఒకసారి పెట్టాలి, ఏది కావాలో మీరే చెప్పండి అంటే 22 మంది రెండోదే అడిగారు. అంటే ఎక్కువసేపు బాధపడ్డదాన్నే. బాధ ఎంతసేపన్నది బుర్ర పెద్దగా పట్టించుకోలేదు, అది ఎలా ముగిసిందన్నదే పట్టుకుంది. బాగా ఎక్కువగా అనిపించిన క్షణం, చివరి క్షణం, ఈ రెండింటితోనే మొత్తం అనుభవానికి మార్కులు వేసుకుంటామని ఇలాంటి ప్రయోగాల నుంచి తేల్చారు. దీన్నే పీక్-ఎండ్ సూత్రం అంటారు.

చన్నీళ్ల బకెట్ సంగతి మనకెందుకు అనుకుంటే తిరుమల ఉంది. సర్వదర్శనానికి వెళ్లినవాళ్లు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటలకొద్దీ కూర్చుంటారు. కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తీస్తారో తెలియదు, పిల్లలు ఏడుస్తుంటారు, సేవకులు తెచ్చిన పాలూ ఉప్మా తిని అక్కడే గోడకి జారబడి కునుకు తీస్తారు. తలుపు తీయగానే "గోవిందా" అంటూ ఒకటే తోపులాట. ఇంతా చేసి బంగారు వాకిలి దగ్గరికొచ్చేసరికి స్వామిని చూసేది కొన్ని సెకన్లు, అదీ "జరగండి, జరగండి" అని వెనక నుంచి నెడుతుంటే, మెడ తిప్పి చూస్తూ. గంటల లెక్కన చూస్తే ఇంత నష్టం బేరం ఇంకొకటి ఉండదు. అయినా బయటికొచ్చిన మనిషి ముఖం చూడండి. "దర్శనం బాగా జరిగింది" అంటాడు, మళ్లీ ఏడాది వస్తాడు.

భక్తి సంగతి భక్తిది, దాన్ని పక్కన పెట్టి కేవలం ఆ యాత్ర నడిచే క్రమం చూసినా అర్థమవుతుంది. కష్టమంతా ముందే అయిపోతుంది. పతాక క్షణం ఒకే ఒక్కటి, ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆ తర్వాత వచ్చేవన్నీ తేలికే: విమాన వేంకటేశ్వరుడికి దణ్ణం, హుండీ, చేతిలో పడే వేడి ప్రసాదం, లడ్డూ కౌంటర్, అన్నప్రసాదం. ముగింపు కడుపు నిండి, సంచీ నిండి ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వెళ్లినవాళ్లకైతే ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది, మోకాళ్ల నొప్పి కూడా గర్వంగా చెప్పుకునే సంగతైపోతుంది. ఇంకొకటి: లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఒక్క ఫొటో కూడా ఉండదు. అయినా జీవితమంతా గుర్తుండేది ఆ కొన్ని సెకన్లే.

ఇప్పుడు మనం మామూలుగా వేసుకునే ట్రిప్పుల ముగింపు ఎలా ఉంటుందో చూడండి. సెలవు ఒక్కటి కూడా వృథా కాకూడదని ఆదివారం సాయంత్రం దాకా తిరుగుతారు. చివరి రెండు గంటలు చుట్టాలకి జీడిపప్పులూ కీచెయిన్లూ కొనడానికి పోతాయి. స్టేషన్‌కి పరుగు, లేదంటే హైవే పక్కన బస్సు కోసం పడిగాపులు, డ్రైవర్ ఫోనెత్తడు. సోమవారం తెల్లారుజామున కూకట్‌పల్లిలో దిగి, ఆటోవాడితో బేరమాడి, ఇంటికెళ్లి నీళ్లు పోసుకుని తొమ్మిదిన్నరకి ఆఫీసు. మూడు రోజుల ఆనందం మీద ఈ ఒక్క రాత్రి ఎంత మట్టి పోస్తుందో ఎవరూ లెక్కవేయరు. పైగా ఖర్చు తెగ్గొయ్యాల్సి వచ్చినప్పుడు మొదట కోత పడేది చివరి రాత్రి హోటల్‌కే. నిజానికి తగ్గించుకోవాలంటే మొదటి రాత్రి తగ్గించుకోవచ్చు, కొత్త ఊరి ఉత్సాహంలో గది ఎలా ఉన్నా సర్దుకుపోతాం. చివరి రాత్రికి మంచి గది, తీరిగ్గా భోజనం, శనివారమే ఇల్లు చేరి ఆదివారం బట్టలుతుక్కుని పడుకోవడం, ఇవి ఒక జలపాతం తక్కువ చూసినందుకు దొరికే లాభాలు.

జలపాతాల మాట వచ్చింది కాబట్టి అరకు. వైజాగ్ నుంచి అరకు ఒక్క రోజులో వెళ్లిరావచ్చు. పొద్దున్నే రైలెక్కి వెళ్లడం, బస్సులో ఘాట్ రోడ్డు మీదుగా దిగి రావడం, మధ్యలో గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, థింసా నృత్యం, భోజనం, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్, బొర్రా గుహలు. రాత్రికి మళ్లీ వైజాగ్. వేలమంది ఇలా వెళ్లొస్తారు, డబ్బుకి తగ్గట్టే ఉంటుంది కూడా. కానీ ఆర్నెల్లాగి అడిగితే మ్యూజియం, గార్డెన్స్ కలిసిపోయి ఒకటైపోతాయి. గాలికొండ దగ్గర ఆగామా లేదా అన్న అనుమానం వస్తుంది. చెక్కుచెదరకుండా మిగిలేవి రెండు: రైలు, బొర్రా గుహ.

ఆ రైలు ఎందుకు మిగులుతుందో కాస్త ఆగి చూడాలి. శృంగవరపుకోట దాటే దాకా అది అన్ని ప్యాసింజర్ బళ్లలాంటిదే. శివలింగపురం దగ్గర్నుంచి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, సిమిలిగూడ. సిమిలిగూడ స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు 996 మీటర్లని రాసి ఉంటుంది. బయల్దేరింది సముద్రం ఒడ్డు నుంచే కదా, ఒక్క పూటలో దాదాపు కిలోమీటర్ ఎత్తుకి చేరినట్టు. దారిలో యాభైకి పైగా సొరంగాలు. మొదటి సొరంగంలోకి బండి దూరగానే పెట్టెంతా చీకటి, ఎవరో కుర్రాడు గట్టిగా "ఓ" అని అరుస్తాడు, రెండోదానికి నలుగురు తోడవుతారు, అయిదో దానికల్లా పెట్టెలో తాతగార్లు కూడా మొదలుపెడతారు. పల్లీలమ్మే మనిషి మాత్రం రోజూ వినేదే కదా అన్నట్టు చీకట్లోనే చిల్లర లెక్కపెట్టుకుంటూ పోతాడు. బయటికొచ్చిన ప్రతిసారీ లోయ ఇంకాస్త లోతవుతుంది. ఇక్కడ చూసేవాడు ఊరికే కూర్చోలేడు, ఎదురుచూడటం, అరవడం, కిటికీ మారడం, పక్కవాళ్లతో మాట కలపడం, ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు. కారులో పాటలు పెట్టుకుని అదే కొండ ఎక్కినవాళ్లకి దృశ్యం ఇంచుమించు అదే అయినా ఇదంతా దొరకదు. రైలు నాలుగు గంటలు తింటుంది, కారైతే ఒక గంట మిగులుతుందని లెక్కేసేవాళ్లుంటారు. మిగిల్చిన ఆ గంటని తీసుకెళ్లి పద్మాపురం గార్డెన్స్‌లో ఖర్చుపెడతారు.

కొత్తదనానికి ఇంకో ప్రభావం ఉంది. కొత్త ఊళ్లో మొదటి రోజు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మూడో రోజు నుంచి బండి వేగం అందుకుంటుంది, చివరి రెండు రోజులు ఎటు పోయాయో తెలియదు. కొత్తవి ఎదురైనప్పుడు బుర్ర ఎక్కువ నమోదు చేసుకుంటుంది, అలవాటైనదాన్ని వదిలేస్తుంది. అందుకే రోజుకి అయిదు చోట్లు చొప్పున ఒకే తరహావి చూడటంలో పెద్ద లాభం లేదు, అయిదు వ్యూ పాయింట్లు కలిపి ఒక వ్యూ పాయింట్‌గానే దాచుకుంటాం. ఒక గుహ, ఒక సంత, ఒక తెల్లారుజాము కొండెక్కడం, ఒకరోజు ఏమీ చేయకపోవడం, ఇవి నాలుగూ విడివిడిగా ఉంటాయి. అరకులోనే రెండు రాత్రులుండి, వలిసె పూల కాలంలో పసుపు చేల గట్ల మీద నడిచి, వారపు సంతలో తిరిగి, మధ్యాహ్నం పడుకున్నవాళ్లు చూసిన చోట్ల జాబితా చిన్నదే. చెప్పుకునేది మాత్రం ఎక్కువ.

ఎన్ని రోజులు ఉండాలన్న దానికీ ఒక ఆసక్తికరమైన జవాబుంది. జెస్సికా డి బ్లూమ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 23 రోజుల సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగులని సెలవుకి ముందు, మధ్యలో, తర్వాత ప్రశ్నించారు. హుషారు, ఆరోగ్యం పెరుగుతూ పోయి ఎనిమిదో రోజుకి గరిష్ఠానికి చేరాయి. తిరిగి పనిలో పడ్డ మొదటి వారంలోనే మామూలు స్థాయికి దిగిపోయాయి. అంటే మూడు వారాలు పోయినా ఆఫీసులో మొదటి వారం తిరిగేసరికి అంతా మామూలే. వారానికి మించి వరసగా సెలవు దొరకని ప్రైవేటు ఉద్యోగులకి ఇది మంచి కబురే. ఏడాదికొక మహాయాత్ర కంటే మూడు నాలుగు చిన్న ట్రిప్పులు మేలని దీని నుంచి లాగొచ్చు.

నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద జరిగి 2010లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా చిత్రం. సెలవుకి వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ సంతోషంగా కనిపించారు, కానీ వెళ్లొచ్చాక ఇద్దరికీ తేడా లేదు. బాగా విశ్రాంతిగా గడిచిందని చెప్పినవాళ్లకి మాత్రమే తర్వాత కూడా కొంత మిగిలింది. చాలామందికి సంతోషం ప్రయాణానికి ముందే వచ్చేసిందన్నమాట. గోవా ప్లాన్ ఏళ్ల తరబడి వాట్సాప్ గ్రూపులోనే మగ్గుతున్నా ఆ గ్రూపు ఎందుకు బతికుంటుందో దీంతో కొంత అర్థమవుతుంది. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువుని 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. రద్దులు తగ్గడానికి మంచిదే కావొచ్చు గానీ, టికెట్ చేతిలో పెట్టుకుని ఎదురుచూసే రెండు నెలల సంబరం ఆ మేరకు పోయింది. చివరి నిమిషం ఆఫర్లో వెయ్యి రూపాయలు మిగిల్చి సర్‌ప్రైజ్ ట్రిప్ అనేవాళ్లు, ఇంట్లోవాళ్ల దగ్గర ఆ ఎదురుచూపు లాగేసుకుంటున్నారని గమనించరు. పిల్లలకైతే ముందే చెప్పాలి, రోజూ అడిగి తల తింటారు, తిననివ్వాలి.

విశ్రాంతి దగ్గరికొస్తే అసలు ప్రశ్న, ఎవరికి? పని నుంచి కోలుకోవడం మీద సబీన్ జొన్నెంటాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో చేసిన పనిలో నాలుగు సంగతులు ప్రధానంగా కనిపిస్తాయి: పని ఆలోచన పూర్తిగా తెగిపోవడం, సేద తీరడం, కొత్తది ఏదైనా నేర్చుకోవడం, ఏ గంట ఏం చెయ్యాలో తన చేతిలో ఉండటం. ఒక సగటు తెలుగు కుటుంబం ట్రిప్‌కి బయల్దేరినప్పుడు ఇంటి ఇల్లాలికి వీటిలో ఎన్ని దొరుకుతాయో చూడండి. ముందురోజు రాత్రి పదకొండు దాకా పులిహోర, చపాతీలు, జంతికలు. పొద్దున నాలుగింటికి అందరికంటే ముందు లేవడం. రైస్ కుక్కరూ ఆవకాయ సీసా సంచిలో పెట్టుకోవడం. దిగిన చోట వంటగది ఉందని భర్తగారు సంబరంగా చెప్పారంటే ఆమె సెలవు అక్కడితో రద్దయినట్టే. పిల్లల మందులు, తడి బట్టలు, మావయ్యగారి షుగర్ మాత్రలు, అన్నీ ఆమె తలలోనే. ఊరు మారింది, పని అలాగే ఉంది, పైగా గిన్నెలు సరిగ్గా లేని వంటగది. ఇలాంటి ట్రిప్ నుంచి వచ్చాక ఆమె "ఇంట్లోనే నయం" అంటే అది నిట్టూర్పు కాదు, సరైన లెక్క. మగవాళ్ల వైపు ఇదే జబ్బు ఫోన్ రూపంలో ఉంటుంది. బొర్రా గుహలో సిగ్నల్ అందక మేనేజర్ ఫోన్ తగలనందుకు టెన్షన్ పడే మనిషి ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు.

ఫొటోల మీద అందరూ ఒకే పాఠం చెబుతారు, ఫోన్ లోపల పెట్టెయ్యండి అని. పరిశోధన అంత సూటిగా లేదు. లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన మ్యూజియం ప్రయోగంలో ఊరికే ఫొటో తీసిన వస్తువులు, కళ్లతో చూసిన వాటికంటే తక్కువ గుర్తున్నాయి. కానీ ఒక భాగాన్ని దగ్గరికి జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. ఏం తీయాలా అని చూసి తీస్తే చూపు నిలుస్తుంది, కెమెరా చూసుకుంటుందిలే అని తీస్తే అదే దాచుకుంటుంది. వీపు కొండకి పెట్టి ఒకే భంగిమలో నలభై సెల్ఫీలు దిగేది మాత్రం ఏ ప్రయోగం చేసి చూడక్కర్లేదు.

ఇక కష్టాలు. వానలో తడిసిన ట్రిప్, బండి ఆగిపోయిన ట్రిప్ తర్వాత్తర్వాత తీపి కథలవుతాయంటారు, నిజమే. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో యూరప్ యాత్రకి, కాలిఫోర్నియాలో మూడు వారాల సైకిల్ యాత్రకి వెళ్లినవాళ్లని ముందు, మధ్యలో, తర్వాత అడిగితే ముందూ తర్వాతా చెప్పిన ఆనందం మధ్యలో చెప్పినదానికంటే ఎక్కువ. చిరాకులు త్వరగా రాలిపోతాయి. అయితే అన్ని చిరాకులూ రాలవు. బయట నుంచి వచ్చినవి, అంటే వాన, టైరు పంక్చర్, ఘాట్‌లో కొండచరియ పడి మూడు గంటలు ఆగడం, ఇవి అందరినీ ఒక జట్టు చేస్తాయి కాబట్టి కథలవుతాయి. లోపల నుంచి వచ్చినవి అలా కావు. ఖర్చు ఎవరు ఎక్కువ పెట్టారు, ఏసీ గది ఎవరికిచ్చారు, వదిన అన్న మాట, తోడల్లుడు బిల్లు వచ్చే టైముకి బాత్రూముకి వెళ్లడం, ఇవి పదేళ్ల తర్వాత పెళ్లిపందిట్లో కూడా తాజాగా ఉంటాయి. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు వాతావరణం చూసుకోవడం కంటే డబ్బు ముందే ఒకరి దగ్గర పోగెయ్యడం ముఖ్యం.

డిసెంబరులో డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో మూడు వారాలకి ఇంటికొచ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలి, వాళ్ల సెలవు చాలాసార్లు సెలవే కాదు. మొదటి వారం జెట్‌లాగ్, మిగతా రెండు వారాలు బంధువుల ఇళ్లు, ప్రతి ఇంట్లోనూ అదే స్వీటు, అవే ప్రశ్నలు, మధ్యలో బ్యాంకు, ఆధార్, పంటి డాక్టరు. ఎవరినీ వదలకూడదని అందరినీ పలకరిస్తారు, తిరిగి విమానమెక్కాక ఎవరితోనూ సరిగ్గా కూర్చోలేదని బాధపడతారు. అందరినీ ఒక ఆదివారం ఒక చోటికి భోజనానికి పిలిచి, మిగిలిన రోజుల్లో నాలుగు అమ్మానాన్నలతో ఎక్కడికైనా వెళ్లి ఉండటం మొదలుపెట్టినవాళ్లకి ఈ గొడవ తగ్గింది. చుట్టాలు మొదట్లో అలుగుతారు.

ప్యాకేజీ టూర్లని ఆడిపోసుకోవడం సులువే గానీ కాశీ, ప్రయాగ, గయ, అయోధ్యకి పెద్దవాళ్లు వెళ్లే ప్యాకేజీని ఈ కొలతలతో కొలవకూడదు. గయలో పిండప్రదానం చేసిరావడం వాళ్లకి తీరాల్సిన బాధ్యత, అది తీరిందన్న తృప్తి ముందు బస్సు సీటు ఒక లెక్కా? పైగా వేళకి తెలుగు భోజనం పెట్టి, భాష తెలియని ఊళ్లో వెంట ఉండే మనిషి ఉండటమే ఆ వయసులో విశ్రాంతి.

కానెమన్ ఒక ప్రశ్న వేసేవారు. ట్రిప్ అయిపోగానే ఫొటోలన్నీ చెరిపేస్తారు, మీకేమీ గుర్తుండకుండా ఒక మందు ఇస్తారు, అయినా ఇదే ట్రిప్‌కి వెళతారా అని. వెళతాను అన్నవాళ్లకి అక్కడ గడిపే గంటలే కావాలి. అలాగైతే ఏదైనా బీచ్ పక్కన పడుకుంటాను అన్నవాళ్లు అసలు ట్రిప్ వేసుకున్నది గుర్తుల కోసం. ఒకే ఇంట్లో ఈ రెండు రకాలూ ఉంటారు, సగం తగాదాలు అక్కడే మొదలవుతాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు చూడాలంటే రాత్రి మూడింటికో నాలుగింటికో లేవాలి, అందరూ కలిసి చూడాల్సిందేనని నిద్రపోయేవాణ్ని లాక్కెళితే కొండ మీద వాడి ముఖం చూడాల్సి వస్తుంది, మేఘాలు కాదు. వాణ్ని గదిలో పడుకోనిచ్చి మిగతావాళ్లు జీపెక్కి వెళితే సరిపోతుంది. వచ్చేటప్పుడు టిఫిన్ పార్సిల్ తెస్తే ఇంకా మంచిది.